బెర్గెన్ రైలుకు నిండు మార్కులు, కాఫీకి ముప్పాతిక: స్కాండినేవియాలో మా పదహారు రోజులు

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో రెండూ కలిసిన మాట మాకు పుట్టుకతో వచ్చినవి. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించిన నేనూ, నా భార్యా కిందటి జూన్‌లో పదహారు రోజుల పాటు డెన్మార్క్, స్వీడన్, నార్వే దేశాల్లో రైళ్ల మీదే తిరిగి వచ్చాము. అమ్మాయి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నది కాబట్టి మధ్యలో నాలుగు రోజులు బస ఖర్చు తప్పింది. తిరిగి వచ్చినప్పటి నుంచి రాయగడలోనూ, గుణుపురంలోనూ, జయపురంలోనూ ఉన్న బంధుమిత్రులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: అంత డబ్బు పెట్టినందుకు తగినట్టు ఉన్నదా అని. రైళ్లు బాగున్నాయి, వాటిలో ఒకటి మాత్రం ఎంత ఖర్చయినా ఎక్కవలసినది. తిండి మనవాళ్లు భయపెట్టినంత చప్పగా లేదు. కాఫీ దగ్గర మన నాలుకే కొంత సర్దుకోవాలి. రోజుకో ఊరు చూసి లెక్క పూర్తి చేసుకోవాలనుకునేవారికి మాత్రం ఈ ప్రయాణం దండగ, ఎందుకంటే అక్కడ మనం కొనుక్కునేది ఊళ్లను కాదు, కిటికీ పక్కన తీరికగా కూర్చునే గంటలను.

మేము వెళ్లిన దారి ఇది. విమానం దిగినది కోపెన్‌హాగన్‌లో. అక్కడి నుంచి సముద్రం మీది వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మో, ఆపైన పడమటి తీరం వెంట గోథెన్‌బర్గ్, అక్కడి నుంచి నార్వే రాజధాని ఓస్లో, ఓస్లో నుంచి కొండలు దాటి బెర్గెన్, తిరుగు ప్రయాణంలో స్టాక్‌హోమ్ మీదుగా మళ్లీ కోపెన్‌హాగన్. మూడు దేశాలూ షెంగెన్ వీసా కిందికే వస్తాయి కాబట్టి ఒక్క వీసా చాలు. డబ్బు మాత్రం మూడు రకాలు, మూడింటి పేరూ దాదాపు ఒకటే, విలువలు వేరు. మేము వెళ్లినప్పుడు డెన్మార్క్ క్రోను మనకు పన్నెండు రూపాయల పైమాట, మిగిలిన రెండూ ఎనిమిది తొమ్మిది రూపాయల దగ్గర ఉండేవి. నేను అలవాటు కొద్దీ నోట్లు మార్చుకుని వెళ్లాను గాని స్వీడన్‌లో వాటిని తీసుకునేవారే కరువయ్యారు. స్టేషన్‌లో మూత్రశాల తలుపు సైతం కార్డు ఆనిస్తేనే తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్లు నోట్లు లెక్కపెట్టి బతికినవాడిని, నా సంచిలోని నోట్లు చెల్లకుండా ఇంటికి తిరిగి రావడం చూసి కొంచెం మనసు చివుక్కుమన్నది.

టికెట్ల సంగతి ముందుగా చెప్పడం మంచిది. యూరప్ బయట నివసించేవారికి యూరైల్ పాస్ అమ్ముతారు. ఒక నెలలో మనం ఎంచుకున్నన్ని రోజులు రైలెక్కడానికి అది పనికి వస్తుంది, అరవై దాటినవారికి కొంత తగ్గింపు ఉంది. అక్కడ నివసిస్తున్న మా అమ్మాయికి ఈ పాస్ ఇవ్వరు, ఆమె ఇంటర్‌రైల్ అనే వేరే పాస్ కొనుక్కోవాలి, దానితో సొంత దేశంలో రాకపోకలకు తప్ప ఎక్కువ తిరగడానికి వీలుండదు. అసలు మెలిక పాస్ కొన్న తర్వాత ఉన్నది. చిన్న దూరపు రైళ్లలో పాస్ చూపి ఎక్కి కూర్చోవచ్చు గాని, దూరం వెళ్లే వేగపు రైళ్లలో సీటుకు మళ్లీ విడిగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి. పాస్ ఫోన్‌లోనే ఉంటుంది, ప్రతి రైలునూ ఎక్కక ముందే అందులో నమోదు చేయాలి. మా రాకపోకలన్నీ కూడి చూస్తే పాస్‌కూ విడి టికెట్లకూ పెద్ద తేడా రాలేదు. తేదీలు రెండు మూడు నెలల ముందే ఖాయం చేసుకోగలిగినవారికి విడి టికెట్లే చవక, ఎందుకంటే అక్కడి రైలు ఛార్జీ విమానం ఛార్జీలాగా రోజు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. వానను బట్టి, ఒంట్లో ఓపికను బట్టి ప్రయాణం మార్చుకునే మావంటివారికి పాస్ నయం.

కోపెన్‌హాగన్‌లో మొదటి భోజనం రై అనే ధాన్యంతో చేసిన నల్లని రొట్టె. డెన్మార్క్‌వారు ఒకే ఒక రొట్టె ముక్క మీద వెన్న రాసి, పైన చేపో గుడ్డో బంగాళాదుంపో పేర్చి, మీద ఇంకో ముక్క మూయకుండా, చాకూ ఫోర్కూ పెట్టి తింటారు. దీనిని స్మోర్‌బ్రోడ్ అంటారు. ఆ రొట్టె గట్టిగా, తడిగా, కొద్దిగా పుల్లగా ఉన్నది. మైదా రొట్టె అలవాటైన నోటికి అది మొదట మింగుడు పడకపోవచ్చు గాని, చోడి అంబలి తాగి పెరిగిన మాకు ఆ నలుపూ ఆ పులుపూ పరాయివిగా తోచలేదు. దాని మీద వేసిన హెర్రింగ్ చేప వండినది కాదు, వెనిగర్‌లో చక్కెరతో ఊరబెట్టినది. తియ్యటి చేప నాకు నచ్చలేదు. అదే చేపను ఆవ ముద్దలో ఊరబెట్టి ఇచ్చిన ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం మా పక్కింటి ఒడియావారు పంపే మాఛ బెసర, అంటే ఆవ పెట్టిన చేపకూర, గుర్తుకు వచ్చింది. ఆవ ఘాటు ముక్కుకెక్కే తీరులో ఆ వంటకూ ఈ వంటకూ తేడా లేదు, కారం ఒక్కటే తక్కువ. నొర్రెపోర్ట్ స్టేషన్ పక్కన ఉన్న తోర్వెహాలెర్నె అనే అద్దాల సంత ఇలాంటివన్నీ కొద్దికొద్దిగా రుచి చూడడానికి అనువైన చోటు, హోటళ్లలో కూర్చుని తినడం కన్నా అక్కడ నిలబడి తినడమే లాభం.

కోపెన్‌హాగన్ నుంచి మాల్మోకు రైలులో ముప్పావు గంట కూడా పట్టదు. 2000 జూలైలో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీద పైఅంతస్తులో కార్లు, కింది అంతస్తులో రైళ్లు నడుస్తాయి. డెన్మార్క్ వైపు నుంచి వచ్చే రైలు మొదట సముద్రం అడుగున దాదాపు నాలుగు కిలోమీటర్ల సొరంగంలో దూరి, మనుషులు కట్టిన ఒక దీవి మీద వెలుతురులోకి వచ్చి, ఆ తర్వాత వంతెన ఎక్కుతుంది. మొత్తం వంతెనే కట్టకుండా సొరంగం ఎందుకు తవ్వారని అమ్మాయిని అడిగితే, పక్కనే విమానాశ్రయం ఉన్నది, ఎత్తైన స్తంభాలు విమానాలకు అడ్డం వస్తాయి, ఓడలకూ దారి విడవాలి అని చెప్పింది. ఆ కట్టుడు దీవి పేరు పెబెర్‌హోమ్, అంటే మిరియాల దీవి. దాని పక్కన ఎప్పటి నుంచో ఉన్న దీవి పేరు ఉప్పు దీవి అని అర్థం వచ్చే సాల్ట్‌హోమ్ కాబట్టి జోడుగా ఈ పేరు పెట్టారట. నా భార్య "ఏవండీ, పసుపు దీవి కూడా ఒకటి కడితే పోపుకు సరిపోతుంది" అన్నది.

రైలు గురించి తెలిసినవారికి ఇంకొక ముచ్చట. స్వీడన్ రోడ్ల మీద 1967 సెప్టెంబరు 3 వరకు బండ్లు మన లాగే ఎడమ పక్కన నడిచేవి, ఆ రోజు తెల్లవారుజామున దేశమంతా ఒక్కసారిగా కుడి పక్కకు మారింది. రైళ్లు మాత్రం మారలేదు, నేటికీ ఎడమ పట్టాల మీదే పోతున్నాయి. డెన్మార్క్ రైళ్లు కుడి పట్టాలవి. అందుచేత రెండు దేశాల మధ్య నడిచే బండి దారిలో పక్క మార్చుకోవాలి, కరెంటు కూడా మార్చుకోవాలి, ఎందుకంటే ఒక దేశపు తీగల్లో 25 వేల వోల్టులు, రెండో దేశపు తీగల్లో 15 వేల వోల్టులు. ఇంత తతంగం జరిగినా చేతిలోని కాఫీ తొణకలేదు. మాల్మోలో మేము ఆగినది ఒక్క పూట. అక్కడ ఫలాఫెల్ చాలా ప్రసిద్ధి, శనగలు నానబెట్టి రుబ్బి వేయించిన మన మసాలా వడకు దగ్గరి చుట్టం. మాంసం ముట్టనివారు ఆ ఊరిలో పస్తుండవలసిన అవసరం లేదు.

గోథెన్‌బర్గ్ అని మనం రాసే ఊరిని అక్కడివారు "యోతెబోరి" అని పలుకుతారు. అక్కడే మాకు ఫీకా అలవాటైంది. పని మధ్యలో కాఫీ, దానితో ఒక తీపి రొట్టె, ఒక అరగంట తీరిక, ఈ మూడూ కలిస్తే ఫీకా. కాఫీకి పాత స్వీడిష్ మాట అయిన కఫీలో అక్షరాలను తిరగేసి పందొమ్మిదో శతాబ్దంలో జనం చేసుకున్న మారుమాట ఇది. అదే దేశంలో 1756లో కాఫీని నిషేధించారు, ఆ తర్వాత ఎత్తివేస్తూ మళ్లీ పెడుతూ 1820ల వరకు ఆ నిషేధాల ఆట సాగింది. ఇప్పుడు తలసరి కాఫీ వాడకంలో ఫిన్లాండ్ మొదలుకొని ఈ ఉత్తరాది దేశాలన్నీ ప్రపంచంలో ముందు వరుసలో ఉన్నాయి. ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చేటప్పుడు ఏడు రకాల బిస్కెట్లు పెట్టడం అక్కడి పాతకాలపు మర్యాద అని అమ్మాయి పనిచేసే చోట ఒక పెద్దావిడ చెప్పింది. ఏడుకు తగ్గితే పిసినారితనం, ఏడు దాటితే గొప్పలు పోవడం అట. మన పెళ్లి పలకరింపుల్లో సారె లెక్కపెట్టే పెద్దమ్మలు అక్కడ కూడా ఉన్నారన్న మాట.

ఆ ఫీకాలో మా ఇద్దరినీ కట్టిపడేసినది కాఫీ కాదు, యాలకుల బన్ను. పేరు కార్డెముమ్మబుల్లె. హాగా అనే పాత పేటలో పళ్లెమంత దాల్చినచెక్క బన్నులు అమ్ముతారు, బొమ్మలు తీసుకునేవారంతా వాటి ముందే ఉంటారు, కాని రుచి ఆ పక్కన ఉన్న చిన్న బన్నులో ఉన్నది. పిండిని రిబ్బను లాగా సాగదీసి ముడివేసి కాల్చారు. మీద చక్కెరతో పాటు యాలకుల గింజలను పొడి చేయకుండా కచ్చాపచ్చాగా దంచి చల్లారు. కొరికినప్పుడు ఆ నల్లని పలుకు పంటి కింద చిట్లి, వాసన ముందు ముక్కులోకి వచ్చి ఆ తర్వాత నాలుక మీదికి దిగుతుంది. మనం యాలకులను పాయసంలో, బూరెల పూర్ణంలో చిటికెడు వేసి మురిసిపోతాము. వీళ్లు పిండిలో కలిపి, మధ్యలో వెన్నతో పూసి, మీద మళ్లీ చల్లారు. యాలకుల మొక్కే పెరగని మంచు దేశం వాటిని ఇంత ధారాళంగా వాడుతుంటే, పక్కనే పండే దేశం నుంచి వచ్చిన మేము లెక్కపెట్టుకుంటూ వేస్తున్నందుకు నా భార్య కొంత నొచ్చుకుంది. ఈ సంక్రాంతికి మా ఇంటి బూరెల్లో యాలకులు రెట్టింపు అయ్యాయి.

కాఫీ విషయానికి వస్తే, స్వీడన్‌లో మామూలుగా ఇచ్చేది పాలు లేని డికాక్షన్. పెద్ద కప్పు నిండా పోస్తారు, పాలు పక్కన చిన్న కూజాలో ఉంటాయి, కావలసినవారు కలుపుకోవాలి. నలభై క్రోనుల లోపు ధర. చాలా చోట్ల రెండోసారి ఉచితంగానో, నామమాత్రపు ధరకో పోస్తారు, దానికి "పోతోర్" అని ప్రత్యేకంగా ఒక మాటే ఉన్నది. చికోరీ కలిపిన చిక్కని ఫిల్టర్ కాఫీ, సగానికి సగం మరిగిన పాలు అలవాటైన నాకు మొదటి రెండు రోజులూ అది కాఫీ కడిగిన నీళ్లలా అనిపించింది. మూడో రోజు నుంచి పాలు మానేసి వట్టిదే తాగితే గింజ రుచి తెలియసాగింది. ఓస్లోకు వెళ్లేసరికి పరీక్ష ఇంకా కఠినమైంది. నార్వేవారు గింజను ఎంత తేలికగా వేయిస్తారంటే డికాక్షన్ రంగు టీ దగ్గరికి వస్తుంది, రుచిలో చేదు కన్నా పులుపు ముందు తగులుతుంది. పక్వమైన నారింజ తొక్క నలిపినట్టున్న ఆ పులుపును మెచ్చుకునేవారు లోకమంతటా ఉన్నారు, నేను మాత్రం మర్యాద కోసం కప్పు ఖాళీ చేశాను.

ఆ ఓస్లో దుకాణంలో కాఫీ పోసిన కుర్రవాడితో మా కోరాపుట్ కొండల్లో కూడా కాఫీ పండుతుందని చెప్పాను. ఎంత ఎత్తులో అని అడిగాడు. మూడు వేల అడుగులన్నాను. అక్కడి నుంచి మాట సాగింది. జయపురం రాజా రామచంద్రదేవ్ 1930లో ఆ మొక్కను మా వైపు తెచ్చాడనీ, 1958లో మాచ్‌కుండ్ జలాశయంలోకి కొండమట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి ప్రభుత్వమే తోటలు వేయించిందనీ, ఇప్పుడు ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ నీడన దాన్ని పెంచి మిరియాల తీగలు పాకించుకుంటున్నారనీ నాకు తెలిసిన ఇంగ్లీషులో చెప్పాను. మట్టి ఆపడానికి కాఫీ నాటారన్న మాట అతనికి బాగా నచ్చింది. మా సంచిలో ఉన్న కోరాపుట్ కాఫీ పొడి పొట్లం ఇస్తే వాసన చూసి, "ముదురుగా వేయించారు" అన్నాడు. అతని కాఫీ గురించి నేను అనుకున్నదానికి అది సరిగ్గా తిరగేసిన మాట.

ఇక బెర్గెన్ రైలు. 1909లో ప్రారంభమైన ఈ మార్గం ఓస్లో నుంచి దాదాపు ఐదు వందల కిలోమీటర్లు, ఏడు గంటల ప్రయాణం, దారిలో నూట ఎనభై దాకా సొరంగాలు. నేను విశాఖ నుంచి అరకు మీదుగా కోరాపుట్‌కు వెళ్లే దారిని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ లైనులో 58 సొరంగాలున్నాయని పిల్లలకు చెబుతూ లెక్కపెట్టించేవాళ్లం. ఆ లైనులో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉండి, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైనదిగా చాలా కాలం పేరు పొందింది. బెర్గెన్ దారిలో అన్నిటికన్నా ఎత్తైన ఫిన్సే స్టేషన్ 1222 మీటర్లు. తేడా రెండు వందల పాతిక మీటర్లే. అయితే శిమిలిగుడ పద్దెనిమిదో అక్షాంశం మీద ఉన్నది, ఫిన్సే అరవయ్యో అక్షాంశం మీద ఉన్నది. అందుకని మా దగ్గర ఆ ఎత్తులో వలిసెలు పూస్తాయి, అక్కడ జూన్ నెలలో సరస్సు మీద మంచు పలకలు తేలుతున్నాయి.

ఓస్లోలో పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎక్కాము. మొదటి రెండు గంటలు పొలాలు, ఎర్రరంగు కొట్టాలు, నదులు. ఆ తర్వాత దేవదారు అడవి. అక్కడి నుంచి బండి ఎక్కుతూ పోయే కొద్దీ చెట్లు పొట్టివై, బర్చ్ పొదలై, చివరకు ఏమీ లేక రాయీ నాచూ మిగిలాయి. చెట్టు అన్నది అంత తిన్నగా మెట్టు దిగినట్టు తగ్గిపోవడం నేను ఎక్కడా చూడలేదు. మంచు కప్పేయకుండా పట్టాల మీద చెక్క గూళ్లు కట్టారు, వాటి పలకల సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా ముఖం మీద పడుతూ పోతుంది. ఫిన్సేకు మోటారు రోడ్డు లేదు, రైలులోనే రావాలి, లేకపోతే నడవాలి, సైకిలు తొక్కాలి. బండి కొద్ది నిమిషాలు ఆగింది. అందరూ దిగారు. గట్టు మీద పాత మంచు కుప్ప నల్లబడి ఉన్నది. నా భార్య చీర కుచ్చిళ్లు ఒక చేత పట్టుకుని, మేజోళ్ల మీద చెప్పులతోనే వెళ్లి, ఆ మంచును గుప్పెడు తీసి, కోవా ఎలా ఉందో చూసినట్టు వేళ్లతో చిదిపి చూసింది. దూరంగా హిమానీనదం తెల్లని దుప్పటి ఆరేసినట్టుగా కొండ మీద పరుచుకుని ఉన్నది. గార్డు ఈల వేశాడు. ఈల శబ్దం మాత్రం ఎక్కడయినా ఒకటే.

ఆ రైలులో ఫలహారాల బోగీ ఉన్నది, పిల్లలు ఆడుకునే గది ఉన్న బోగీ కూడా ఉన్నది. ఫలహారాల బోగీలో మేము కొన్నది హృదయాకారపు దోసె వంటి వాఫల్, మీద పండ్ల జాము, దాని మీద పలచగా చెక్కిన గోధుమరంగు జున్ను. ఈ జున్ను పేరు బ్రూనోస్త్. పాలు విరిచాక మిగిలిన తేటను, తరచుగా మేకపాల తేటను, గంటల కొద్దీ కాచగా కాచగా అందులోని తీపి మాడి రంగు తిరుగుతుంది. ఆ రుచి తెలుగు మాటల్లో చెప్పాలంటే పాలకోవాకు అడుగంటిన వాసన, దానికి చిటికెడు ఉప్పు. ఒడిశా సరిహద్దులో ఉన్నవారికి ఇంకా సులువుగా చెప్పవచ్చు: విరిచిన పాలతో కాల్చి చేసే ఛెనాపోడ అంచున మాడి నల్లబడిన చెక్క ఉంటుందే, ఇంట్లో అందరూ దాని కోసమే పోట్లాడుకుంటారే, అది. నాకు బాగా నచ్చింది, నా భార్యకు మేక వాసన అడ్డం వచ్చింది. ఒక దిమ్మ ఇంటికి తెచ్చి పక్కింటి మావుసికి ముక్క కోసి ఇస్తే వాసన చూసి "పోడిగలా కి?" అని, అంటే మాడిపోయిందా అని, అడిగింది. మాడ్చడమే దాని తయారీ అని నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది.

బెర్గెన్‌లో దిగేసరికి వాన. ఆ ఊరికి వాన మన గోపాల్‌పూర్‌కు ఉప్పు గాలి వంటిది, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. రేవు ఒడ్డున బ్రిగ్గెన్ అనే చెక్క ఇళ్ల వరుసను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ వరుసకు పునాది ఎండుచేప. ఉత్తరాన లోఫోతెన్ దీవుల్లో పట్టిన కాడ్ చేపను ఉప్పు వేయకుండా కొయ్య పందిళ్ల మీద చలిగాలికి నెలల తరబడి ఆరబెట్టి, ఇక్కడికి తెచ్చి, జర్మనీ వర్తకులు వందల ఏళ్లు యూరప్ అంతటికీ అమ్మారు. మా రాయగడ సంతలో సుఖువా, అంటే ఎండుచేపల, గంపల పక్క నుంచి ముక్కు మూసుకుని నడిచే నా భార్య, ఆ ఎండుచేప కట్టిన ఊరిని ప్రపంచమంతా వచ్చి బొమ్మలు తీసుకోవడం చూసి కాసేపు మాట్లాడలేదు. ఆ పూట తిన్న చేప పులుసు, అంటే పాలమీగడ వేసిన తెల్లని సూప్, ఈ ప్రయాణం మొత్తంలో మేము తిన్న మంచి భోజనం. లోపల క్యారెట్టు, ఉల్లికాడ, విరగని చేప ముక్కలు, పులుపూ తీపీ అంటీ అంటనట్టు. అడిగితే మిరియాల పొడి ఇచ్చారు. ధర రూపాయల్లోకి మార్చవద్దని ముందే ఒట్టు పెట్టుకున్నాము కాబట్టి సుఖంగా తిన్నాము.

ఫ్లోమ్ కొండ రైలు గురించి అందరూ అడుగుతారు. బెర్గెన్ దారిలో మిర్దాల్ దగ్గర దిగి మారాలి. 866 మీటర్ల ఎత్తు నుంచి ఇరవై కిలోమీటర్లలో సముద్రమట్టానికి దించేస్తుంది, బాగా ఏటవాలుగా ఉన్న చోట్ల పద్దెనిమిది మీటర్లకు ఒక మీటరు వాలు. ఇంజనీర్ల పనితనానికి దండం పెట్టవలసిందే. అయినా ఖర్చుకు తగిన ఆనందం నాకు కలగలేదు. పాస్ ఉన్నవారికి తగ్గింపు మాత్రమే, టికెట్టు విడిగా కొనాలి. బండి నిండా విహారయాత్రల గుంపులు, కిటికీ కోసం తోపులాట. మధ్యలో జలపాతం దగ్గర ఆపితే, రాళ్ల మీద ఎర్రచీర వంటి బట్టలు కట్టిన ఒక అమ్మాయి పాటకు తగ్గట్టు ఆడుతుంది. వాళ్ల జానపద కథల్లో అడవి మోహినిదట ఆ వేషం. జలపాతాన్ని దానిమానాన దానిని వదిలేస్తే బాగుండేది.

స్టాక్‌హోమ్‌లో మూడు రోజులున్నాము, ఒకటిన్నర సరిపోయేది. 1888 నాటి ఓస్టర్‌మాల్మ్ సంత భవనం చూడదగ్గది, కొనదగ్గది కాదు. అంతకన్నా పనికి వచ్చే సంగతి మధ్యాహ్న భోజనం. పని రోజుల్లో స్వీడన్ హోటళ్లలో "దాగెన్స్" అని ఆ పూట భోజనం పెడతారు, నూట ముప్పై క్రోనుల చుట్టూ ఉంటుంది, అందులోనే పచ్చికూరలు, రొట్టె, వెన్న, కాఫీ కలిసి వస్తాయి. అదే హోటల్‌లో రాత్రి తింటే రెట్టింపు. గురువారాలు బఠానీ పప్పు సూపూ పలచని తీపి అట్టూ పెట్టడం అక్కడ ఆనవాయితీ. పప్పు అనగానే మేము ఆశగా వెళ్లాము గాని అందులో పంది మాంసం వేస్తారు. ఒడియా ఇరుగుపొరుగుతో కలిసి మెలిసి లక్ష్మీవారమని గురువారం నీచు ముట్టని నా భార్య ఆ పూట అట్లతో సరిపెట్టుకుంది. ముందుగా అడిగితే మాంసం లేనిది ఇస్తారని తర్వాత తెలిసింది.

రెండు చేదు అనుభవాలు కూడా చెప్పాలి. ఒకనాడు దారిలో పట్టాల మరమ్మతు అని చెప్పి మధ్య స్టేషన్‌లో దించి బస్సు ఎక్కించారు. ముందురోజు పంపిన సందేశం వాళ్ల భాషలో ఉండడం వల్ల మేము గమనించలేదు. బస్సు ఎక్కడ నిలుస్తుందో చెప్పే మనిషి లేడు, సీటుకు కట్టిన డబ్బు తిరిగి రాబట్టడానికి అమ్మాయి మూడు వారాలు ఉత్తరాలు రాసింది. వేసవిలోనే ఈ మరమ్మతులు ఎక్కువగా చేస్తారు కాబట్టి వెళ్లేవారు ముందురోజు రాత్రి తప్పక సరిచూసుకోవాలి. రెండోది మా తప్పే. స్వీడన్ రైళ్లలో నిశ్శబ్దంగా కూర్చునేవారికి ప్రత్యేకంగా బోగీ ఉంటుంది. అది తెలియక అందులో సీటు తీసుకున్నాము. నా భార్య పార్వతీపురంలోని చెల్లెలికి వీడియో కాల్ చేసి, కిటికీలోంచి సరస్సు చూపిస్తూ, ఆ ఊరు దాకా వినపడేటట్టు మాట్లాడుతున్నది. ఎదుటి వరుసలో అల్లిక పని చేసుకుంటున్న ఒక ముసలావిడ ఏమీ అనలేదు, సూది ఆపి గోడ మీది గుర్తు వైపు చూపింది, మళ్లీ అల్లుకోసాగింది. ఆ తర్వాత మూడు గంటలు మేమిద్దరం సైగలతో కాపురం చేశాము.

మళ్లీ వెళ్తే స్టాక్‌హోమ్‌లో ఒకటిన్నర రోజు తగ్గించి, ఫ్లోమ్ మానేసి, ఆ డబ్బుతో ఫిన్సేలో దిగుతాను. అక్కడ స్టేషన్‌ను ఆనుకునే బస ఉన్నది. జూన్ కన్నా ఆగస్టు మేలట, మంచు కరిగి నడకదారులు తెరుచుకుంటాయి. సాయంత్రపు బండి వెళ్లిపోయాక ఆ ప్లాట్‌ఫారం ఎలా ఉంటుందో చూడాలి. ఫ్లాస్కులో మాత్రం కోరాపుట్ పొడి డికాక్షన్ పోసుకుని వెళ్తాను.